మడతల్లేని బుర్ర

పాశమైలారంలో కంపెనీల గేట్లకు వెళ్ళే దారి మొదట్లో మల్లేష్ మాంసం దుకాణం. మే నెల, ఆదివారం పొద్దున, వరుసలో జనం.

“రాండ్రి, దగ్గరికి జరుగుండ్రి. ఆ ఎనుకాల ఫోన్ల మాట్లాడేటాయన, ఫోన్ జేబుల వెట్టు. నర్సన్నా, నీ కిలో కోడి యాడికి వోదు, జెర ఆగు. అందరు నోర్లు మూసి చెవులు దెరువుండ్రి. మురళీమోహన్ సార్ ఇప్పుడే ఒక మాటన్నడు. నా కత్తి కన్న పదునున్నది ఆ మాట. సార్, ఇంకొక్కసారి అనుండ్రి.”

“నేను ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదు మల్లేష్. రెండు మేక మెదళ్ళు కట్టు, వెళ్తాను.”

“భేజా కడ్త సార్, మీకు గాక ఎవలికి. అన్న మాట అనుండ్రి.”

“మా క్యాంటీన్లో పనిచేసే దయావతిది కోడి బుర్ర అన్నాను. అంతే. ఉన్నమాటే.”

“ఇన్నరు గద. మందుల కంపెనీల షిఫ్టు మేనేజరు, రెండు డిగ్రీలు జేసిన సారు చెప్తున్నడు. దయక్కా, వరుసల ఎనుకకెందుకున్నవు, ముందటికి రా. నీ తలకాయ సంగతే నడుస్తున్నది.”

“ఇన్న మల్లేష్. నమస్తే సార్.”

“ఈవిడ ఇక్కడెందుకుంది?”

“కోడి కాళ్ళ కోసం వచ్చిన సార్. మీరు గేటు బయట నిలవెట్టి ఎనిమిది దినాలాయె. పొయ్యి మీద ఏదో ఒకటి ఎక్కాలె గద.”

“ఏం చెప్పుకోవాలన్నా రేపు పదింటికి ఎంక్వయిరీలో చెప్పుకో. మాంసం కొట్టులో నాతో మాట్లాడకు.”

“అండ్ల మాట్లాడనిస్తరా సార్?”

“నీకు మాట్లాడ్డం వచ్చా అసలు. క్యాంటీన్లో నా టేబుల్ మీద వస్తువు పోయింది. ఆ టేబుల్ తుడిచేది నువ్వు. ఏమైందే అంటే కాకి ఎత్తుకుపోయిందన్నావు. కాకి. ఒకటో తరగతి పిల్లాడు కూడా అంతకంటే మంచి అబద్ధమాడతాడు.”

“కాకే సార్.”

“చూశారా. ఇందుకే అన్నాను.”

“ఆగుండ్రి సార్. ఈ గల్లీల ఎవల భేజా గురించి మాట్లాడాలన్నా ముందు నన్నడుగాలె. ఇర్వై రెండేండ్ల సంది తలకాయలు పలగ్గొడ్తున్న. మీరెన్ని పలగ్గొట్టిన్రు?”

“నేనెందుకు పగలగొడతాను?”

“మరి లోపట ఏమున్నదో మీకెట్ల ఎర్క?”

“పుస్తకంలో చదివాను.”

“నేను గిన్నెల సూసిన. అందుకే ఇయ్యాల అందరి ముందట తేలుస్త. ఇగో, మొద్దు మీద కుడిదిక్కు మేక తలకాయ, ఎడమదిక్కు కోడి తలకాయ. ఠక్. ఠక్. అయిపాయె. ఇది మేక భేజా. పిడికెడున్నది. అక్రోటు కాయ పలగ్గొట్టినట్టు మడతలు మడతలు. ఇది కోడిది. బాదం పలుకు కన్న జెర పెద్దగున్నది. నానవెట్టిన శనగలెక్క నున్నగున్నది. పైన ఒక్క మడత లేదు.”

“నీ నోటితో నువ్వే చెప్పావు. మడతల్లేవు. తెలివుండేది ఆ మడతల్లోనే. మడతలెక్కువైతే తెలివెక్కువ. ఇది బళ్ళో పాఠం.”

“మంచిది. మేకకు ఇన్ని మడతలున్నయి గద. మరి ఇర్వై రెండేండ్లల్ల ఒక్క మేక, ఒక్కటంటే ఒక్కటి, నన్ను సూసి ‘వీడు కసాయోడు, వీని ఎంబడి పోవద్దు’ అనుకున్నదా? రెండు ఆకులు సూపెడ్తే ఆడుకుంట వస్తది. ఇన్ని మడతలున్నయి, ఒక్క మడతల గూడ నా పేరు రాసుకోలే. అదే కోడి సూడుండ్రి. నేను గంప మూత మీద చెయ్యేస్తనే లొల్లి.”

“అది భయం. తెలివి కాదు.”

“మీరొస్తుంటే మీ కంపెనీల పనోళ్ళంత మూలలకు జరుగుతరు సార్. అది భయమా, తెలివా?”

“ఇక్కడ వేదాంతం కూడా అమ్ముతావా నువ్వు?”

“అమ్ముడు లేదు సార్. కాళ్ళు కొన్నోళ్ళకు ఊకెనే ఇస్త.”

“కోడికి మెదడుతో ఎంత పనుందో అందరికీ తెలిసిందే. తల తెగినా కాసేపు పరుగెడుతుంది. అంటే తల ఉన్నా లేనట్టే.”

“ఆ ముచ్చట నన్నడుగుండ్రి. మూడేండ్ల కింద, ఒక గిరిరాజ పుంజు. తలకాయ ఈడ పడ్డది, మొండెం ఇస్నాపూర్ దిక్కు వట్టింది. నేను ఎంబడి వడ్డ. లారీలు, ఆటోలు, కంపెనీ బస్సులు, అన్నిటి నడుమ కెల్లి ఉరుకుతున్నది. సౌరస్త కాడ ఎర్రలైటు పడ్డది. ఆగింది సార్. నా మీదొట్టు. పచ్చలైటు పడ్డంకనే దాటింది.”

“తల లేనిదానికి లైటెలా కనపడింది?”

“తలకాయలున్నోళ్ళకు కనవడ్తలేదు గద ఆ సౌరస్త కాడ. దానికెట్ల కనవడ్డదో నాకేమెర్క.”

“అబద్ధాలకోరు.”

“లైటు ముచ్చట జెర ఎక్కువైందనుకో. ఉరికిన ముచ్చట నిజమే సార్. జెర మీదికెల్లి నరికితే మెదడు కింది తోక కొంత మొండానికే మిగుల్తది. ఊపిరి దీసుడు, గుండె కొట్టుకునుడు, కాళ్ళాడించుడు, ఆ మోటు పనులన్ని కింది దిక్కుకే ఉంటయి. మీకు, నాకు గూడ ఊపిరి అండ్లకెల్లే. శ్రీదివ్య మేడం చెప్పింది.”

“ఆవిడెవరు?”

“పశువుల డాక్టర్ల కాలేజీల పంతులమ్మ. పిల్లలకు కోసి సూపెట్టనీకి ప్రతి వారం బేస్తారం నాడు నా దగ్గర్నే తలకాయలు దీస్కుంటది. మోసుకపోయేది నేనే. తలుపు కాడ నిలవడి ఇంట. నాకు బడి లేదు సార్, గని నాలుగేండ్ల సంది బేస్తారం తప్పకుండ కాలేజికి పోతున్న. మీ పవన్ బాబు గన్నిసార్లు పోయిండా?”

“మా అబ్బాయి ప్రస్తావన ఇక్కడొద్దు.”

“ఎట్ల వద్దంటరు, ఈ భేజా ఆయన కోసమే గద. మెదడు తింటే మెదడు పెరుగుతది అని మూడేండ్ల సంది కట్టించుకపోతున్నరు. పెరిగిందా?”

“ఈసారి ర్యాంకొస్తుంది.”

“వస్తది, వస్తది. గని మీరు తినవెడ్తున్నది రెండాకులకు ఆశవడి నా ఎంబడి వచ్చిన మేక భేజా. జెర సూసుకోండ్రి.”

“నాకు టైం లేదు. కట్టు.”

“కడ్తున్న. ఇటు సూసుకుంట ఉండుండ్రి. దయక్కా, ఆ లైటు జెర కిందికి గుంజు. ఇగో, మేక భేజాకు ముందట ఈ రెండు గుబ్బలు, వాసన గుంజేటివి. ఎంత లావున్నయో సూడుండ్రి. కోడికి నువ్వుగింజంత. దాని కారోబార్ అంత కండ్లతోని. అందుకే పక్కలకు ఈ రెండు గుండ్లు, కండ్లు పంపిన కబురు అందుకునేటివి. ఎనుకకు తిప్పితే చిన్నమెదడు. మీరడిగిన మడతలు ఈడున్నయి సార్. సేమ్యా పేర్చినట్టు, సన్నగ. ఎగురుడు, వాలుడు, ఒంటికాలు మీద పండుడు, పడకుండ సంభాలిచ్చే పని ఈడిదే.”

“సరే. ఎగరడానికి మడతలున్నాయి, ఆలోచించడానికి లేవు. నేనన్నదీ అదే.”

“ఆలోచన గూడ ఉన్నది. గని ఇల్లు వేరే తీర్గ కట్టుకున్నది. మనది, మేకది పరాటా. పొర మీద పొర, ఆరు పొరలు. పిట్టలది బూందీ లడ్డు. గట్ల పొరలుండయి, గుంపులు గుంపులు ముద్ద కట్టి ఉంటయి. మేడం మిషన్ల కన్ను వెట్టి సూడమంటే సూసిన. పరాటాకు పొరలున్నయని లడ్డుల తీపే లేదంటే ఎట్ల?”

“ఎంత ముద్ద కట్టినా బాదం పలుకంత దాన్లో ఏం పడుతుంది?”

“గట్ల అడుగుండ్రి. మీ పెద్ద సార్ బంగ్లాల ఎన్ని గదులు? ఏడు. ఉండేది ముగ్గురు, ఒక కుక్క. అదే మా గల్లీల కిరాయి రూములు సూడుండ్రి. ఒడిశా పోరగాళ్ళు, బిహారోళ్ళు, పదడుగుల రేకుల రూముల పద్నాలుగు మంది. ఒక షిఫ్టోళ్ళు లేస్తే ఇంకో షిఫ్టోళ్ళు అదే చాప మీద పంటరు. పనిజేసేటోళ్ళు బంగ్లాల ఎక్కువున్నరా, రూముల ఎక్కువున్నరా?”

“దానికీ దీనికీ ఏమిటి సంబంధం?”

“మేక భేజా బంగ్లా సార్. పిట్ట భేజా రేకుల రూము. అండ్ల కణాలు చిన్నగ, ఒకదానికొకటి ఆనుకొని, ఇరుకిరుకు. పక్కపక్కనే ఉంటయి గనుక మాట గూడ జల్దీ అందుతది. కాకి భేజా ఉసిరికాయంత లేదు. గని చిన్నజాతి కోతి భేజాల ఎన్ని కణాలుంటయో అండ్ల గన్నుంటయట.”

“మెదడుని లేబర్ రూముతో పోల్చినవాణ్ణి నిన్నే చూశాను.”

“లేబర్ రూముల దిక్కు మీరెన్నడన్న వస్తే గద సార్, సూసేది.”

“మరి ఇంత తెలివే ఉంటే పెద్ద పెద్ద సైంటిస్టులు ఎందుకలా రాశారు? పక్షిది పుట్టుకతో వచ్చిన అలవాటే తప్ప బుద్ధి కాదని మేం చదువుకున్నాం.”

“రాసిన్రు. ఎనుకట, వందేండ్ల కింద, ఒకాయన పిట్ట మెదడు కోసి సూసిండట. పొరలు కనవడలే. ఇదంత కిందిజాతి మెదడే అని పేర్లు వెట్టి పోయిండు. ఎనుకొచ్చినోళ్ళు ఎవ్వలు కోసి సూడకుంటనే ఆ పేర్లు అప్పజెప్పుకుంట కూసున్నరు. మొన్న, ఒక ఇర్వై ఏండ్ల కింద, అందరు జమై, తప్పైందన్నరు, పేర్లు మార్చిన్రు. మేడం దగ్గర పాత పుస్తకం ఉన్నది. పాత పేర్ల మీద ఎర్ర పెన్నుతోని కొట్టేసి ఉన్నది.”

“ఒక తప్పు పేరు తీసెయ్యనీకి వందేండ్లు వట్టిందా మల్లేష్?”

“వట్టింది దయక్కా.”

“నాకు రేపు పదింటిదాంకనే ఉన్నది.”

“ఆ నాటకం నా దగ్గరొద్దు. నేను పెట్టిన పేరు తప్పయితే వస్తువు తెచ్చి టేబుల్ మీద పెట్టు.”

“నా దగ్గరుంటే గద సార్ పెట్టేది. రేపు మీరు దొంగ అని రాస్తే ఈడికెల్లి పటాన్‌చెరు దాంక ఏ గేటు కాడ నన్ను లోపటికి రానియ్యరు. ఫోన్లల్ల ఫొటో పంపుకుంటరు. పదకొండేండ్ల సంది వండిపెడ్తున్న, ఒక చెంచా గూడ అటిటు కాలే.”

“కాకపోతే ఇన్నాళ్ళూ దొరకలేదేమో.”

“సార్, ఇంతకు ఏం వస్తువది?”

“నువ్వడక్కు మల్లేష్.”

“ఎంక్వయిరీ కాగితంల ‘వస్తువు’ అనే ఉన్నదట. ఫోనా?”

“కాదు.”

“గడియారమా?”

“కాదు.”

“తాళంచెవా, పెన్నా, ఉంగరమా?”

“వస్తువంటే వస్తువు. చిన్నది. నాకు అవసరమైనది.”

“ఏం రంగు?”

“తెలుపు. కొంచెం గులాబీ.”

“గులాబి రంగుది మొగోనికి అవసరమైంది ఏముంటది సార్? దయక్కా, నువ్వన్న చెప్పు.”

“నేను చెప్ప. చర్చిల పాస్టరమ్మ అడిగినా చెప్పలే. ఒక మనిషి ఇజ్జత్ అది. సార్ నోట్లకెల్లే రావాలె.”

“నీ దయ నాకక్కర్లేదు.”

“దయ కాదు సార్. నా నోరు అసొంటిది కాదు.”

“సరే, వస్తువును అటు వెట్టుండ్రి. కాకి ఎట్ల తీస్కపోయింది, అది చెప్పు అక్కా.”

“వస్తువు గిలాసల నీళ్ళల్ల ఉండె. నేను పక్క టేబులు తుడుస్తున్న. కిటికీల కెల్లి తెల్లీక కాకి వచ్చి గిలాస అంచు మీద కూసున్నది. సార్ దిక్కు సూసింది. సార్ కండ్లు మూసుకొని రసం తాగుతున్నడు. ముక్కు నీళ్ళల్ల వెట్టింది, తీసింది, పోయింది.”

“తెల్లీక కాకి అంటే?”

“దాని ఎడమ రెక్కల ఒక్క తెల్ల ఈక ఉంటది. మా క్యాంటీన్ ఎనుక ఏసీ డబ్బా మీద గూడు కట్టుకుండె. ఎండిన రొట్టె ఏస్తే గట్లనే తినదు మల్లేష్. నల్లా కింది బకెట్ల ముంచి, నానినంక తింటది. ఎవలు నేర్పిన్రు దానికి?”

“నువ్వే నేర్పావు. ఎంగిళ్ళు పెట్టి మప్పావు. నీళ్ళలో ఏది కనపడినా తిండేననుకుని ముక్కున కరుచుకుపోతుంది. అదీ దాని తెలివి.”

“అంటే కాకే తీస్కపోయిందని ఒప్పుకున్నట్టేనా సార్?”

“తీసుకెళ్ళిందని కాదు. తీసుకెళితే అని.”

“తీస్కపోతే ఎందుకు తీస్కపోతది, అది గూడ చెప్పు దయక్కా.”

“సార్ దాని గూడు కట్టెతోని పొడిపిచ్చిండు. పొడిపిచ్చిండు కాదు, పొడిసిండు. రెండు పిల్లలు, ఇంక కండ్లు గూడ తెరవలే. అప్పటికెల్లి సార్ కనవడ్తే సాలు, ఎనుకకెల్లి వచ్చి నెత్తి మీద తంతది. ఆయన పక్కన నలుగురున్నా వాళ్ళను అనదు. బండి మార్చిండు, హెల్మెట్ మార్చిండు, అంగి మార్చిండు. హెల్మెట్ తీసినంక తంతది.”

“ఏసీ పాడవుతోందని తీశాను. గూడా అది, చెత్త. బైండింగ్ వైరు, కంపెనీ వైరు.”

“కాకి కంపెనీ వైరు దొంగిలిచ్చిందన్నట్టు. దానికి గూడ ఎంక్వయిరీ వెట్టకపోయిన్రా?”

“వెటకారం చాలు.”

“సార్, ఒక్కటి అడుగుత. ఈ మాస్కేంది?”

“దుమ్ము. నాకు అలర్జీ.”

“మరి ఈ ఎండల మంకీ టోపీ?”

“అదీ అలర్జీకే.”

“కండ్లద్దాలు?”

“మల్లేష్, నేను మాంసానికొచ్చాను.”

“నేను భేజా సంగతే మాట్లాడుతున్న సార్. కాకికి బుర్ర లేదంటిరి. బుర్ర లేనిది గుర్తువట్టదు గద. గుర్తువట్టనిదానికి మొకం దాసుడెందుకు?”

“దాచడమా. నేనా. ఒక పక్షికి?”

“అయితే తీయుండ్రి. మాస్కు దీసి, టోపీ దీసి, ఆ కరెంటు తీగె కింద నిలవడుండ్రి. నా దుకాన్ బొక్కల కోసం రోజు నలభై కాకులొస్తయి. మీ క్యాంటీన్ రెండు గల్లీల అవతలనే. నేను వందదాంక లెక్కవెడ్త. ఏ కాకి మిమ్ముల తన్నకపోతే దయక్క రేపు ఎంక్వయిరీకి రాకుంటనే రాజీనామా రాసిస్తది. తంతే మాత్రం మీరా ఎంక్వయిరీ కాగితం సింపాలె.”

“నా నౌకరిని నువ్వెట్ల పందెం కాస్తవు మల్లేష్?”

“భయమా అక్కా?”

“భయమే. జెర ఆగు, సూడని. అగో, ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు మూడోది. ఎడమ రెక్క. అదే. కాయి పందెం.”

“చూడు దయావతీ, అందరి ముందూ అన్నావు. తర్వాత నాకు అన్యాయం చేశారనకూడదు.”

“అన సార్. రాసిస్త.”

“ఏమయ్యా, మీరంతా సాక్షులు. ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీ నడిపినవాణ్ణి, కాకికి జడుస్తానట. ఇదుగో టోపీ. ఇదుగో అద్దాలు.”

“మాస్కు సార్.”

“తీస్తున్నా.”

“పైకి గుంజుడు కాదు, కిందికి.”

“తీశాను. లెక్కపెట్టు.”

“ఒకటి. రెండు. మూడు. సార్, పెదవులు బిగవట్టిన్రేంది?”

“ఊఁ.”

“నాలుగు. ఐదు. ఏమన్న మాట్లాడుండ్రి సార్, అది తొవ్వ సూస్తున్నది.”

“ఏం మాట్లాడను. చూశారుగా, కదల్లేదు. దానికి నేనెవరో కూడా తెలీదు. మట్టి బుర్ర. దాన్ని నమ్ముకున్న ఈవిడదీ—”

“ఆగుండ్రి. సార్, మీ ముందటి పండ్లేవి?”

“లెక్కపెట్టమంటే వేరేవి చూస్తావేమిటి?”

“నాలుగు లేవు. రెండు వారాల కింద ఉండె. దయక్కా, వస్తువంటే…”

“నేనేమన్లే మల్లేష్. నీ కండ్లతోని నువ్వే సూసినవు.”

“కట్టుడు పండ్లా? తెలుపు, జెర గులాబి. కట్టుడు పండ్ల కోసమా సార్, పదకొండేండ్ల సంది వండిపెట్టే మనిషిని గేటు బయట నిలవెట్టింది?”

“నోర్ముయ్. లెక్క ఎంతవరకొచ్చింది?”

“ఐదు కాడ ఆగింది. ఆరు. ఏడు. సార్, వంగుండ్రి.”

“ఎందుకు వంగాలి, నేను—అబ్బా. పో, పో. ఇష్. అమ్మా, నా నెత్తి. తోలండయ్యా దాన్ని. చూస్తారేం, తోలండి.”

“ఎనిమిది. ఒక్కతె కాదు, ఇంకో నాలుగింటిని గూడ ఎంబడి దెచ్చింది. సార్, కోళ్ళ గంప దిక్కు పోకుండ్రి, అండ్ల కోళ్ళున్నయి. బల్ల కిందికి రాండ్రి. ఆ బల్ల కిందికి.”

“సార్, ఇగో ఈ రుమాలు నెత్తికి సుట్టుకోండ్రి. నెత్తురొస్తున్నది.”

“నీ రుమాలు నాకొద్దు దయావతీ.”

“తీస్కోండ్రి సార్. ఉతికిందే.”

“ఇన్నరా అందరు. వరుసల పన్నెండు మందున్నరు. నర్సన్నది నున్నటి బట్టతల, ఎండకు తళతళ మెరుస్తున్నది, దాని మీద గూడ వాలలే. ఉసిరికాయంత లేని భేజా సార్. అండ్ల మీ మొకం ఉన్నది, మీ కట్టె ఉన్నది, దాని పిల్లలున్నయి. ఇంత పెద్ద మేక భేజాల నేనొక్కన్ని దొరకలే. ఇగ కాగితం ఇయ్యుండ్రి, సింపుత.”

“కాగితం ఆఫీసులో ఉంది.”

“ఫోన్ జేసి చెప్పుండ్రి.”

“ఎందుకు చెప్పాలి? గుర్తుపట్టింది, సరే, ఒప్పుకున్నాను. కుక్క కూడా పడుతుంది. నన్ను తన్నింది, అదీ ఒప్పుకున్నాను. కానీ పళ్ళు అదే తీసుకెళ్ళిందని రుజువేది? మీ పందెం గుర్తుపట్టడం గురించి. దొంగతనం గురించి కాదు.”

“మాట దప్పుతున్నరు సార్.”

“బల్ల కింద కూర్చోబెట్టి మాట గురించి చెబుతున్నావా నాకు? రేపు పదింటికి నేను రాసేది రాస్తాను. రుజువు లేదు కాబట్టి తీసింది ఇదే.”

“సార్, నేను తీస్కపోయి ఏం జేసుకుంట? ఏసయ్య దయతోని నాకు ముప్పై రెండున్నయి.”

“ఎవరికైనా ఇచ్చుంటావు.”

“ఒకరి పండ్లు ఇంకొకరికి వడ్తయా?”

“పడవు. ఎలా పడతాయి? హైదరాబాదులో కొలత తీసి, మైనంతో అచ్చు పోసి చేయించినవి. నాకు తప్ప ఈ భూప్రపంచంలో ఇంకొకళ్ళ నోటికి సరిపోవు. అందుకే నావి నాకు కావాలంటున్నాను.”

“మల్లేషన్నా, జెర నన్ను మాట్లాడనిస్తవా?”

“నీ కిలో కొడ్త అంటి గద నర్సన్నా, ఆగు.”

“కిలో కాదన్నా, సారుతోని పనుండె. గట్లనకుండ్రి సార్, మా అమ్మకు అచ్చుగుద్దినట్టు సరిపోయినయి. పోయిన శనివారం మా నాయిన మాసికమని రేకుల మీద పిండం వెడ్తే, రెక్కల తెల్ల ఈక ఉన్న కాకి వచ్చి అన్నం దిని, మీ పండ్లు ఆడ వెట్టిపోయింది. బతికున్నన్ని దినాలు ఒక రవిక గుడ్డ గూడ దేకపోయె, సచ్చినంక బుద్ధొచ్చి పండ్లు పంపిండు ముసలోడు అని మా అమ్మ కండ్లకద్దుకొని పెట్టుకున్నది సార్, ఇప్పుడు అడుగుతే మా నాయిననే వచ్చి తీస్కపొమ్మంటది.”